రెండు పూటల వసంతం

పంచాంగం చూస్తే వసంతం రెండు నెలలు. వాతావరణ శాఖను అడిగితే అసలు లేనే లేదు. కాజీపేటలో ఉండేవాళ్లకు మాత్రం అది రోజూ రెండుసార్లు దొరుకుతుంది, తెల్లారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. కాస్త పెందలాడే లేచి, మాపటేళ గడప దాటితే చాలు. పెద్దగా ఖర్చు లేని ఆ సంబరం మీదే ఈ వారం ముఖచిత్ర కథనం.

శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ పోతుందని సామెత. అది ఖాళీ చేసిన చోట ఎండ వచ్చి కూర్చోవడానికి మన దగ్గర ఎంతో కాలం పట్టదు. ఫాల్గుణం సగమయ్యేసరికే మధ్యాహ్నం చౌరస్తా పలచబడుతుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో ఏడాదికి నాలుగే కాలాలు. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే దాకా వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. మిగిలిన మూడు నెలలు వానలు వెనుదిరిగే కాలం. వసంతానికి అందులో చోటు లేదు. పంచాంగం చైత్ర వైశాఖాలను వసంతమంటుంది గానీ, వైశాఖంలో ఓరుగల్లు ఎండ తిన్న మనిషెవరూ ఆ మాట ఒప్పుకోరు.

మరి మామిడి పిందె వేసేదీ, కోయిల గొంతు సవరించుకునేదీ, మల్లెలు బజారుకొచ్చేదీ ఏ కాలంలో? నెలల్లో వెతికితే చిక్కని వసంతం పూటల్లో వెతికితే చిక్కుతుంది. మార్చి చివర్లో మధ్యాహ్నం ఎండ సుమారు 38 డిగ్రీలకు పోతే, తెల్లారుజామున 23 దరిదాపుల్లోనే ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న పీఠభూమి, పొడిగాలి, మబ్బు లేని ఆకాశం. పగలంతా నేల తాగిన వేడి రాత్రి అడ్డూ ఆపూ లేకుండా పైకి వెళ్లిపోతుంది. అందుకే ఒకే రోజులో మనకు రెండు కాలాలు. నడుమ ఎండాకాలం, ఈ అంచున, ఆ అంచున వసంతం. ఆ అంచులు పట్టుకుని బతకడం కాజీపేటకు బాగా అలవాటు.

డ్యూటీల ఊరు

హైదరాబాద్ తర్వాత రాష్ట్రంలో పెద్ద నగరం మనది. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసి ట్రైసిటీ. మూడింట్లో కాజీపేటది రైలు పుట్టించిన బతుకు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా వేసిన లైను 1889లో పూర్తయింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం కలవడంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరు దారి పడింది. ఆవిరి ఇంజన్ల షెడ్డు పోయి డీజిల్ షెడ్డు వచ్చింది, దానికి తోడు ఎలక్ట్రిక్ షెడ్డు వచ్చింది. ఏ కాలమైనా ఇక్కడ ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు డ్యూటీకి ఎక్కుతుంటారు, ఎవరో ఒకరు దిగుతుంటారు.

వెనకటికి బండి నడిపేవాళ్లను లేపడానికి కాల్‌బాయ్ చేతిలో పుస్తకం పట్టుకుని అర్ధరాత్రి క్వార్టర్ల తలుపులు తట్టేవాడు. ఇప్పుడు ఫోను మోగుతుంది. మనిషి లేచే వేళ మాత్రం మారలేదు. వేరే ఊళ్లలో వాకింగ్‌ పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రమే తెలిసే నాలుగున్నర, ఐదు గంటల వేళ రైల్వే కాలనీకి మామూలు పనివేళ. నైట్ డ్యూటీ దిగి ఇంటికి నడిచేవాళ్లూ, మార్నింగ్ డ్యూటీకి పోతూ చాయ్ కోసం ఆగేవాళ్లూ ఎదురుపడే ఆ పదిహేను నిమిషాల్లో ఊరికి వసంతం వచ్చిందో లేదో ముందుగా తెలిసేది వాళ్లకే.

ఎండ సంగతీ వాళ్లకే ఎక్కువ తెలుసు. వేడికి రైలు పట్టా సాగుతుంది. మైళ్ల పొడవునా అతికిన పట్టాలకు సాగే చోటు లేక పక్కకు వంగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఎండలు ముదిరాక 'హాట్ వెదర్ పెట్రోలింగ్' అని ట్రాక్ మెయింటెయినర్లు మిట్టమధ్యాహ్నం లైను వెంట నడుస్తారు. మనం తలుపులేసుకుని ఫ్యాను కింద పడుకునే గంటల్లోనే వాళ్ల నడక. ఆ మనిషి మాపటేళ ఇంటికొచ్చి, వాకిట్లో నీళ్లు చల్లుకుని, మంచం వాల్చుకుని కూర్చుంటే ఆ కూర్చోవడంలోని సుఖం ఏసీ గదిలో ఉన్నవాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు.

రావి చిగురు చూసే వేళ

పొద్దున్నే చెవిన పడేది కోయిల. చలికాలమంతా ఎక్కడుందో తెలియనివ్వని పక్షి ఫిబ్రవరి దాటేసరికి తెల్లవారకముందే మొదలుపెడుతుంది. 'కుహూ' అని రాగం తీసేది నల్లటి మగకోయిల. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల మచ్చలతో ఆకుల్లో కలిసిపోతుంది. గుడ్లు కాకి గూట్లో పెట్టి పోయే ఘనత దానిది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలకు తెల్లారుజామున లేచి చదివే పిల్లలకు ఈ పాట మీద అంత సదభిప్రాయం ఉండదు. కోయిల కూసిందంటే సిలబస్ మిగిలే ఉందని వాళ్ల లెక్క.

ఆ వేళ చూడాల్సింది రావి చెట్టును. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రావి ఆకులన్నీ రాల్చి, కొద్ది రోజులకే చిగురు తొడుగుతుంది. కొమ్మ కొసన సూది మొనతో ఒక తొడుగు ఉంటుంది. అది విడి రాలిపోగానే లోపల ముడుచుకున్న ఆకు జారుతుంది. రాగి రంగు, అందులో కాస్త గులాబీ, పట్టుకుంటే తడిసిన కాగితమంత పల్చన. అప్పటికి అందులో పత్రహరితం నిండలేదు. ఆ ఎర్రదనం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానిది. ఎండ దెబ్బ తగలకుండా లేత ఆకుకు అది కాపలా. కొన్నాళ్లకే రాగి రంగు లేత పసుపై, పసుపు పచ్చనై, కాపలా అవసరం తీరిపోతుంది. తొడిమ పొడుగు కాబట్టి గాలి లేదనిపించినప్పుడు కూడా రావి ఆకు ఊగుతూనే ఉంటుంది.

మార్చి మూడో వారంలో మన దగ్గర సూర్యోదయం ఆరుంబావుకు అటూ ఇటూ. అక్కణ్నుంచి ముప్పావు గంట సేపు ఎండ ఏటవాలుగా ఆకుల్లోంచి దూరి వస్తుంది. చెట్టుకు అవతల సూర్యుడు, ఇవతల మీరు ఉండేట్టు నిలబడితే ఈనెలన్నీ లెక్కపెట్టొచ్చు. ఎనిమిది దాటాక అదే చెట్టు కింద ఎంత సేపు నిలబడ్డా ఆ రంగు కనపడదు.

వాన చుక్క లేని కాలంలో చెట్లకు ఇంత చిగురు ఎక్కడిదని అనుమానం రావడం సహజం. ముదురు ఆకులు రాల్చడంతో చెట్టుకు నీటి ఖర్చు తగ్గుతుంది. లోతుకు పోయిన వేళ్లు తోడిన నీటితో కొమ్మలు మళ్లీ నిండుతాయి. పగటి పొద్దు పెరుగుతోందని చెట్టు పసిగడుతుంది. జూన్‌లో వాన పడేనాటికి ఆకు ముదిరి ఉంటే, మొదటి చినుకు నుంచే తిండి తయారుచేసుకోవచ్చు. మనం ఎండలకు కూలర్ బాగు చేయించుకుంటుంటే, చెట్లు వానాకాలానికి తయారవుతుంటాయి.

రావి వెనకాలే కానుగ. రోడ్ల పక్కన దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ కానుగ మార్చిలో ఆకు మార్చి నిగనిగలాడుతుంది. బూరుగు ఒక్క ఆకు లేకుండా ఎర్రటి పూలు మోస్తుంది. మోదుగ చూడాలంటే కాస్త ఊరు దాటాలి. సికింద్రాబాద్ నుంచి సిర్పూర్ కాగజ్‌నగర్ పోయే పగటి బండిని కాజీపేటలో ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, రామగుండం దాటి మంచిర్యాల వైపు పోయేకొద్దీ ఫాల్గుణంలో బీళ్ల మీదా అడవి అంచుల్లోనూ మోదుగ ఎర్రగా పూసి కనిపిస్తుంది.

కాముని పున్నమి నుంచి ఉగాదికి

ఆ మోదుగ పూలనే ఉడకబెట్టి హోలీకి రంగు తీసేవాళ్లు. నారింజకూ పసుపుకూ నడుమ ఉండే రంగు, ఒంటి మీద నుంచి రెండు స్నానాలకు పోతుంది. కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి పాడుతూ ఇల్లిల్లూ తిరగడం తెలంగాణ పల్లెల ఆనవాయితీ. ట్రైసిటీ చుట్టూ కలిసిపోయిన ఊళ్లలో ఆ చప్పుడు ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. పండుగకు నాలుగు రోజుల ముందే కిరాణా దుకాణాల ముందు చక్కెర పేర్లు వేలాడతాయి. తెల్లటివి, గులాబీ రంగువి. పిల్లల మెడలో వేస్తే సాయంత్రానికి సగం పేరు మాయం.

పున్నమి నుంచి పదిహేను రోజులకు ఉగాది. మన పచ్చడి తినేది కాదు, గ్లాసులో పోసుకుని తాగేది. కొత్త కుండలో కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ ముక్కలు, వేపపూత. పోపూ పొయ్యీ లేదు. రుచి ఒక పాలు ఇంటి ఇల్లాలి చేతిది, ఒక పాలు కుండది. పక్కనే పళ్లెంలో నెయ్యి కారుతున్న భక్ష్యాలు. పచ్చడి గ్లాసు అయిపోయినా ఆ కుండకు పని అయిపోదు. మంచినీళ్లు పోసి మూలన ఇసుకలో కూర్చోబెడితే మే దాకా అదే ఫ్రిజ్. కుండ ఒంటికి పట్టిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీళ్లు అంత చల్లన. ఉక్కపోసే కోస్తాలో కంటే మన దగ్గర కుండనీళ్లు జివ్వుమనేది అందుకే. ఉగాది దాటగానే రోడ్ల కూడళ్లలో చలివేంద్రాల పందిళ్లు లేస్తాయి, రంజన్లకు తడిగుడ్డలు చుడతారు.

చంద్రుడు చెప్పిన పండుగలు

కాజీపేటలో మరో సౌకర్యం ఉంది. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా, ఫాతిమానగర్‌లోని కెథడ్రల్, విష్ణుపురిలో శ్వేతార్క మూల గణపతి గుడి. మూడింటినీ ఒక్క సాయంత్రంలో చుట్టి రావచ్చు. వసంతంలో మూడు చోట్లా పండుగ పెట్టేది ఆకాశంలోని చంద్రుడే. ఉగాది అమావాస్య మర్నాటి పాడ్యమికి వస్తుంది. రంజాన్ నెలవంకతో మొదలై నెలవంకతో ముగుస్తుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్.

చాంద్రమాన సంవత్సరం సూర్యుడి లెక్క కంటే సుమారు 11 రోజులు తక్కువ. మనం అధిక మాసంతో ఆ తేడా సరిచేసుకుంటాం. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు కాబట్టి రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ ఈ మధ్య వసంతంలోకి వచ్చి కూర్చుంది. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే ఈద్. ఒక ఇంట్లో భక్ష్యాలు మిగిలి ఉండగానే పక్కింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వచ్చిన ఏడాది అది. ఉపవాసం సహరీతో తెల్లారకముందు మొదలై సూర్యాస్తమయంతో విడుస్తుంది. వసంతం దొరికే రెండు అంచులూ ఆ నెలంతా తినే వేళలే. మాపటేళ చౌరస్తాలో హలీం బట్టీల చుట్టూ చేరే జనంలో ఉపవాసం ఉన్నవాళ్లెందరో, వాసనకు వచ్చినవాళ్లెందరో చెప్పడం కష్టం.

మడికొండ మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడికి శివరాత్రి నాడు, రామాలయానికి శ్రీరామనవమి నాడు జనం పోటెత్తుతారు. మామూలు రోజుల్లో పొద్దున ఎక్కితే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లూ, కింద ఊరూ తీరిగ్గా చూడొచ్చు. హన్మకొండ వైపు భద్రకాళి గుడిలో ఉగాది నుంచి వసంత నవరాత్రులు, అమ్మవారికి పుష్పార్చనలు. సంక్రాంతికి మొదలైన ఐనవోలు మల్లన్న జాతర కూడా ఉగాదికే ముగింపు పలుకుతుంది. ఇక వరంగల్ నిట్‌లో 1959 నుంచీ దేశం నలుమూలల పిల్లలున్నారు. వాళ్లు ఏటా చేసుకునే సాంస్కృతిక వేడుక పేరే స్ప్రింగ్‌స్ప్రీ. వాతావరణ శాఖ కాదన్నా, కాలేజీ పిల్లలు వసంతం మీద పట్టు వదల్లేదు.

తుమ్ములూ వసంతమే

వసంతమంటే పూల వాసన అని పుస్తకాలు చెబుతాయి. ఓరుగల్లుకు ముందుగా వచ్చే వాసన మిర్చి ఘాటు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల మార్కెట్ ఎర్రబడుతుంది. బస్తాల నడుమ నడిస్తే తుమ్మకుండా బయటపడినవాడు లేడు. ఇక్కడి చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. కూర ఎర్రగా కనిపించాలి, నోరు మాత్రం మండకూడదు అనుకునేవాళ్ల పాలిటి వరం.

ఏడాదికి సరిపడా కారం పట్టించేది ఈ రోజుల్లోనే. డాబాల మీద మిర్చి ఎండుతుంది. గిర్ని ముందు డబ్బాలు వరుస కడతాయి. గిర్ని ఉన్న గల్లీలో ఉండేవాళ్లు ఆ పక్షం రోజులు ముక్కుకు కొంగు కట్టుకునే తిరుగుతారు. అదే సమయానికి కొత్త చింతపండు దిగుతుంది. మాపటేళ అరుగు మీద నలుగురాడవాళ్లు చేరి గింజ తీస్తుంటే, పని ఎంత సాగుతుందో ముచ్చట అంతకు రెట్టింపు సాగుతుంది. కాయ దించిన కొన్నాళ్లకే ఆ చెట్టు చిగురిస్తుంది. చింతచిగురు కొత్తలో బంగారం ధర పలుకుతుంది. పప్పులో వేసినా, మాంసంలో వేసినా ఆ పులుపుకు సాటి లేదు. ఎండలు పెరిగేకొద్దీ తునికి పండ్లు, మొర్రి పండ్లు గంపల్లో వస్తాయి. అవి తోటల్లో పెంచేవి కావు, అడవి నుంచి ఏరి తెచ్చేవి. కనిపించినప్పుడే కొనుక్కోవాలి.

ఒంటిపూట బడి, రెండుపూటల ఆట

వసంతానికి సర్కారు ఇచ్చిన గుర్తింపు ఏదైనా ఉందంటే అది ఒంటిపూట బడి. మార్చి సగం కాగానే స్కూళ్లు ఎనిమిదింటికి మొదలై పన్నెండున్నరకు వదిలేస్తాయి. మధ్యాహ్నం బయట తిరగొద్దని ఇంట్లో కట్టేసినా, నాలుగున్నర దాటాక పిల్లల్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. గల్లీ క్రికెట్‌లో గోడ అవతల పడితే అవుటా కాదా అన్న తగాదా ఏ తరంలోనూ తేలలేదు. జేబులో మామిడి పిందె, పొట్లంలో ఉప్పూ కారం. పళ్లు పులిసిపోయి రాత్రి అన్నం తినలేక తిట్లు తినడం కూడా ఈ కాలపు రివాజే.

మూర మల్లెల మాపటేళ

ఎండ దిగాక ఊరు మళ్లీ రోడ్డెక్కుతుంది. మొదట కనపడేది తడిగుడ్డ కప్పిన మల్లెల గంప. "అక్కా, మూర ఎంత?" అంటే ధర చెబుతూనే పూలక్క దండ తీసి మోచేతి దగ్గర ఒక కొస ఆనించి, మధ్యవేలి చివరి దాకా లాగుతుంది. చెయ్యి పొడుగున్న అక్క దగ్గర కొనాలన్నది కొనేవాళ్ల తెలివి, దండ కాస్త బిగించి లాగడం అమ్మేవాళ్ల తెలివి. మూర అయ్యాక "ఇంకింత ఎయ్యి అక్కా" అంటే, "ఇట్లయితే నాకేం మిగులుతది బిడ్డా" అంటూనే నాలుగు మొగ్గలు కొసరు పడతాయి. మల్లె మొగ్గ విచ్చేది చీకటి పడే వేళకే. రాత్రి తిరిగే చిమ్మటలను పిలవడానికి దానికి రంగు అక్కర్లేదు, చీకట్లో కనపడే తెలుపూ, దూరం పోయే వాసనా చాలు. అందుకే మొగ్గగా కొన్న దండ ఇల్లు చేరేసరికి పూలదండ అవుతుంది.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేవాళ్లకు నీటి మీది గాలి తగులుతుంది. అటు పోలేనివాళ్లకు వీధి చివర వేపచెట్టుంది. పగలంతా కిమ్మనని వేపపూత చీకటి పడ్డాక తేనె వాసన వేస్తుంది. పూత చేదు, దాని వాసన తీపి. ఏడింటికి కరెంటు పోతే తిట్టుకుంటూ బయటికి వచ్చినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఏ పనీ లేకుండా ఊరు తిరగడం ఇక్కడ ఇవాళ్టిది కాదు. వినుకొండ వల్లభరాయుడి 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పూటకూళ్ల ఇంట్లో భోంచేస్తారు, దారిన పోయేవాళ్లను చూసి వ్యాఖ్యానాలు చేస్తారు. యుద్ధాలు లేవు, శపథాలు లేవు, ఊరు చూడటమే కథ. షికారును కావ్యం చేసిన నగరంలో ఉంటూ సెల్‌ఫోన్‌లో వేరే ఊళ్ల వసంతం చూడటం మనకే చెల్లింది.

ఏ పూట, ఏ చోట

తెల్లారుజాము ఐదు: రైల్వే కాలనీ. కోయిల, పక్కనే చాయ్.
ఆరుంబావు నుంచి ఏడు: రావి చెట్టు కింద, సూర్యుడికి ఎదురుగా.
ఏడుకు ముందు: మెట్టుగుట్ట. బండలు కాలకముందే దిగిరావాలి.
సాయంత్రం ఆరు: వడ్డేపల్లి కట్ట లేదా భద్రకాళి బండ్.
ఏడు దాటాక: చౌరస్తాలో మల్లెలు, ఇంటి ముందు వేపపూత వాసన.

రాత్రి చల్లబడాలి

ఈ సంబరమంతా ఒక్క విషయం మీద నిలబడి ఉంది. రాత్రి ఊరు చల్లబడాలి. నగరాలు వేడెక్కడమంటే మధ్యాహ్నం ఎండ పెరగడమే అనుకుంటాం. సిమెంటు, తారు చేసే అసలు నష్టం చీకటి పడ్డాక తెలుస్తుంది. పగలు తాగిన వేడిని అవి రాత్రంతా కక్కుతూనే ఉంటాయి, తెల్లారుజాము కూడా గోరువెచ్చనైపోతుంది. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ గాలిని చల్లబరుస్తాయి, చెరువు కొంత వేడిని మింగుతుంది. అవి తగ్గినకొద్దీ ముందుగా పోయేది మనం చెప్పుకున్న ఈ రెండు పూటలే. మధ్యాహ్నాలు ఎటూ మనవి కావు.

ఎండను ఆపడం ఎవరి వల్లా కాదు గానీ, గల్లీలో సీసీ రోడ్డు పోసేటప్పుడు చెట్టు మొదట్లో నాలుగడుగుల మట్టి వదలమని అడగడం కాలనీవాళ్ల వల్ల అవుతుంది. రోడ్డు వెడల్పులో కానుగ పోతే దాని బదులు ఎక్కడ నాటారని అడగొచ్చు. పార్కు గేటు ఎండాకాలం ఐదింటికే తీయమని అర్జీ పెట్టొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇంటి ముందు మిగిలిన గజం నేలలో సిమెంటు వేయకుండా ఒక వేప నాటొచ్చు. నాలుగైదేళ్లకు పూతకొస్తుంది. ఉగాది పొద్దున బజారులో వేపపూత కట్ట కోసం బేరమాడే పని తప్పుతుంది, పక్కింటివాళ్లకు పంచే హోదా కూడా దక్కుతుంది.